లోవెల్ లాకుల దగ్గర మేజోళ్ళ పాఠం

బోస్టన్ నార్త్ స్టేషన్‌లో రైలెక్కితే లోవెల్ ముప్పావుగంట ప్రయాణం. 1822 ఏప్రిల్‌లో హ్యూ కమిస్కీ అనే ఐరిష్ మేస్త్రీ ముప్పైమంది కూలీలను వెంటబెట్టుకుని ఇంచుమించు ఇదే దారిన నడిచి వచ్చాడు. బోస్టన్ పక్కనే ఉన్న చార్ల్స్‌టౌన్‌లో బయలుదేరి దాదాపు 40 కిలోమీటర్లు. అప్పటికి లోవెల్ అనే ఊరే లేదు. కొన్ని పొలాలు, ఒక నది, ఆ నదికి ఒక జలపాతం ఉండేవి. మెర్రిమాక్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ తరఫున పనులు చూస్తున్న కిర్క్ బూట్ ఎదురొచ్చి, సత్రంలో దాహం తీర్చుకోమని ఆ కూలీలకు డబ్బులిచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత వాళ్ళు పలుగూ పారా పట్టుకుని కాలువలోకి దిగారు. అమెరికాలో మొదటితరం పెద్ద మిల్లు పట్టణాల్లో ఒకటి అలా మొదలైంది.

మా మేనకోడలు అక్కడికి దగ్గర్లో వెస్ట్‌ఫర్డ్‌లో ఉంటుంది. వేసవి చివర్లో వెళ్ళి, మంచు బాగా కురిసే రోజుల దాకా వాళ్ళింట్లో ఉన్నాను. ఎండ ఉన్నన్నాళ్ళూ లోవెల్ వీధులు, కాలువ గట్లు తిరిగాను. చలి ముదిరాక ఒక ఐరిష్ ఇంటావిడ దగ్గర కూర్చుని మేజోళ్ళు అల్లడం నేర్చుకున్నాను. ఆ రెండూ వేరువేరు పనులని మొదట్లో అనుకున్నాను. మేజోడు మడమ దాకా వచ్చేసరికి, ఊరంతా తిరిగి చూసినా కనిపించని సంగతి ఒకటి ఆ అల్లికలో ఉందని అర్థమైంది.

ముందు కాలువల సంగతి. మాది గోదావరి జిల్లా. లాకులు, తూములు, కాలువ గట్టు మీద నడక నాకు కొత్త కాదు. లోవెల్‌లో వేసవిలో పడవ ఎక్కించి పాటకెట్ కాలువ మీదుగా గార్డ్ లాక్స్ దాకా తీసుకెళ్తారు. లాకు తలుపులు మూసి, నీళ్ళు నింపి, పడవ మెల్లగా పైకి లేస్తుంటే తక్కినవాళ్ళు ఆశ్చర్యంగా చూస్తున్నారు. నాకు మాత్రం పాలకొల్లు వెళ్ళే దారిలో చిన్నప్పుడు చూసిన లాకులే కళ్ళముందుకొచ్చాయి. మెర్రిమాక్ నది ఇక్కడ 32 అడుగుల దాకా కిందికి దిగుతుంది. ఆ దూకుడును తప్పించుకుని పడవలూ దుంగల తెప్పలూ పోవడానికి 1796లో పాటకెట్ కాలువ తవ్వారు. పాతికేళ్ళ తర్వాత బోస్టన్ షావుకార్లు ఆ కాలువనే కొనేసి, అదే నీటితో మిల్లు చక్రాలు తిప్పించాలని పథకం వేశారు. 1823లో మొదటి గుడ్డ తయారైంది. ఒకదాని వెనక ఒకటిగా కాలువలు పెరిగి, చివరికి అన్నీ కలిపి దాదాపు తొమ్మిది కిలోమీటర్లయ్యాయి.

ఈ కాలువలకు పేరు తెచ్చిన ఇంజనీరు జేమ్స్ ఫ్రాన్సిస్. ఇంగ్లండులో పుట్టి 1833లో అమెరికా వచ్చాడు. లోవెల్‌లోనే ఉండి నీటి చక్రాల మీద ప్రయోగాలు చేసి, ఇప్పుడు ప్రపంచమంతా ఫ్రాన్సిస్ టర్బైన్ అని పిలిచేదాన్ని రూపొందించాడు. మన శ్రీశైలంలో కరెంటు పుట్టించేది కూడా ఆ రకం టర్బైన్లే. నదికి పెద్ద వరద వస్తే ఊరు కొట్టుకుపోతుందని 1850లో ఆయన గార్డ్ లాక్స్ దగ్గర కొయ్యతో ఒక భారీ తలుపు కట్టించాడు. పిచ్చిపని అని నవ్వినవాళ్ళున్నారు. 1852లో వరదొచ్చింది, తలుపు దించారు, ఊరు నిలిచింది. 1936 వరదలోనూ అదే తలుపు ఊరిని కాపాడింది. సరిగ్గా ఆ తలుపు కట్టించిన కాలంలోనే, 1847 నుంచి 1852 వరకు, ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. కాటన్ పేరు మా జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ ఆనకట్టకు రాళ్ళు మోసిన వేలమంది పేర్లు చెప్పగలిగినవాళ్ళు లేరు. లోవెల్‌లోనూ అంతే. కమిస్కీ పేరు మిగిలింది, ఆయన వెనక నడిచిన ముప్పైమందిలో ఎవరి పేరూ ఊరి నోట వినిపించదు.

కంపెనీ వేసిన ఊరి పటంలో మిల్లులున్నాయి, మేనేజర్ల బంగళాలున్నాయి, న్యూ ఇంగ్లండ్ పల్లెల నుంచి వచ్చే రైతుబిడ్డల కోసం ఇటుక హాస్టళ్ళున్నాయి. ఆ అమ్మాయిల కథ లోకానికి బాగా తెలుసు. రాత్రి పది గంటలకల్లా హాస్టలు తలుపులు మూసేవారు, ఆదివారం చర్చికి వెళ్ళి తీరాలి. 1834లోనూ 1836లోనూ వాళ్ళు సమ్మె చేశారు. వాళ్ళు నడిపిన పత్రిక దేశమంతా పేరు తెచ్చుకుంది. 1842లో చార్ల్స్ డికెన్స్ వచ్చి చూసి మెచ్చుకున్నాడు. ఇదంతా బూట్ మిల్లు మ్యూజియంలోనూ, పక్కనే పాత హాస్టలులో పెట్టిన ప్రదర్శనలోనూ చక్కగా చూపిస్తారు.

కాలువ తవ్వినవాళ్ళకు మాత్రం ఆ పటంలో చోటు లేదు. పని పూర్తవగానే వెళ్ళిపోతారని కంపెనీ అనుకుంది. వాళ్ళు వెళ్ళలేదు. మిల్లులకు పడమరగా, యజమాని ఎవరో తేలని నేల మీద గుడారాలు, చెక్క గుడిసెలు, మట్టిగడ్డల గోడలు లేచాయి. ఆ చోటు పేరు ఆక్ర్. కార్క్ నుంచి వచ్చినవాళ్ళది ఒక పక్క, కానాట్ నుంచి వచ్చినవాళ్ళది ఇంకో పక్క. రెండు పక్షాల మధ్య కర్రలతో కొట్లాటలు. 1831లో అక్కడ సెయింట్ పాట్రిక్ చర్చి లేస్తుంటే స్థానిక ప్రొటెస్టెంట్ మూకలు రాళ్ళు రువ్వాయి. ఆక్ర్ ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి ఎదురు నిలబడ్డారు. ఆ జూలైలోనే చర్చి తెరిచారు. స్థలం ఇచ్చింది కంపెనీయే. గుడి ఉంటే కూలీ కుదురుగా ఉంటాడన్న లెక్క దాని వెనక ఉందని నేననుకుంటాను.

ఇప్పుడున్నది 1854 నాటి నల్లరాతి కట్టడం. నేను వెళ్ళినప్పుడు ముందున్న పచ్చిక మీద ఇద్దరు వియత్నాం ముసలమ్మలు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఆక్ర్‌లో ఇప్పుడు వినిపించే భాషలు స్పానిష్, ఖ్మేర్, వియత్నామీస్. కంబోడియా నుంచి వచ్చినవాళ్ళు అమెరికాలో ఎక్కువగా ఉన్న ఊళ్ళలో లోవెల్ ఒకటి. ఆ పచ్చిక కింద 2010లో రెండు విశ్వవిద్యాలయాలవాళ్ళు, ఒకటి లోవెల్‌ది, ఇంకొకటి బెల్‌ఫాస్ట్‌ది, కలిసి తవ్వకాలు జరిపారు. తొలినాటి ఐరిష్ ఇళ్ళ చెత్త బయటపడింది. పొగాకు తాగే మట్టి పైపుల ముక్కలు, పింగాణీ పెంకులు, బొత్తాలు, ఎముకలు. ఉన్ని గుడ్డ నేలలో అన్నేళ్ళు నిలవదు. మేజోడు గానీ శాలువా గానీ దొరికే అవకాశం లేదు. మనిషి ఒంటికి అతుక్కుని ఉండే వస్తువే ముందు మట్టిలో కలిసిపోతుంది.

1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంపకు తెగులు తగిలింది. అక్కడి పేదవాడికి అదొక్కటే తిండి. ఏడేళ్ళలో పదిలక్షలమంది ఆకలికీ జ్వరాలకీ పోయారు. అంతకు మించినవాళ్ళు ఓడలెక్కారు. అదే కాలంలో ఓట్స్ ధాన్యం, పశువులు ఓడల్లో ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. లండన్ ఖజానా తరఫున ఆ కరువు సహాయాన్ని పిడికిలి బిగించి నడిపిన అధికారి చార్ల్స్ ట్రెవెల్యాన్. 1859లో ఆయనే మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు కిందివే. ఐర్లండ్ కరువు గురించి చదివే తెలుగువాడికి 1833 గుంటూరు కరువూ, 1876లో మొదలైన ధాత కరువూ గుర్తుకు రాకుండా ఉండవు. ఈ కరువులు ఎక్కడో దూరదేశపు సంగతులు కావు. ఒకే సామ్రాజ్యంలో, ఒకే రకం కాగితాల మీద నడిచినవి.

కరువు తర్వాత లోవెల్ మిల్లుల లోపలి మనుషులు మారిపోయారు. హామిల్టన్ కంపెనీ పాత కూలి పుస్తకాలను చరిత్రకారుడు థామస్ డబ్లిన్ పేజీ పేజీ చదివి లెక్క తీశాడు. 1836లో ఆ మిల్లులో పరదేశంలో పుట్టినవాళ్ళు నూటికి నలుగురు కూడా లేరు. 1860కి వచ్చేసరికి నూటికి 60 దాటారు. వాళ్ళలో ఎక్కువమంది ఐరిష్ వాళ్ళే. రైతుబిడ్డలు కూలి తగ్గించినప్పుడల్లా నిలదీసి, చివరికి మిల్లు వదిలి టీచర్లయ్యారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పడమటికి వెళ్ళారు. ఐరిష్ పిల్లకు వెనక్కి వెళ్ళడానికి ఇల్లు లేదు. హాస్టలు కూడా లేదు. పగలంతా మిల్లులో చేసి ఆక్ర్‌లో తల్లి దగ్గరికి వచ్చేది. ఆ ఇంట్లో తండ్రి కూలీ, ఇద్దరు ముగ్గురు పిల్లల కూలీ కలిస్తేనే పొయ్యి వెలిగేది.

బూట్ మిల్లు మ్యూజియంలో 88 మరమగ్గాలున్న గది ఒకటి అలాగే ఉంచారు. లోపలికి వెళ్ళేముందు చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్ ప్లగ్స్ ఇస్తారు. ఆ మగ్గాల్లో కొన్నే నడుస్తున్నాయి. ఆ కొన్నింటికే కాళ్ళ కింద నేల అదిరింది. నాడె ఎటు పోయి ఎటు వస్తుందో కంటికి అందదు. మంగళగిరిలోనూ ఉప్పాడలోనూ మగ్గాల దగ్గర కూర్చున్నదాన్ని నేను. అక్కడ నేతగాడు మాట్లాడుతూ నేస్తాడు, మధ్యలో పేక తెగితే ఆగి ముడివేస్తాడు. ఇక్కడ అన్ని మగ్గాలూ నడుస్తుంటే పక్కమనిషి పెదవుల కదలిక చూసి మాట గ్రహించాల్సిందే. దారం తెగకుండా ఉండాలని కిటికీలు మూసి, గాలిలో తేమ నింపి, రోజుకు పన్నెండు గంటలకు పైగా పనిచేయించేవారు. నది దిగువన లారెన్స్ అని ఇంకో మిల్లు పట్టణం ఉంది. 1860 జనవరి 10న అక్కడి పెంబర్టన్ మిల్లు, పోత ఇనుప స్తంభాలు నాసిరకంవి కావడంతో, పనిలో ఉన్న వందలమంది మీద కూలిపోయింది. శిథిలాల్లో ఉన్నవాళ్ళను తీస్తుండగా లాంతరు పగిలి నిప్పంటుకుంది. చనిపోయినవాళ్ళు 80 మందికి పైనే, వాళ్ళలో చాలామంది ఐరిష్ వాళ్ళు.

ఆ మిల్లుల్లోకి వచ్చిన పత్తి దక్షిణాది తోటల్లో బానిసలు ఏరింది. లోవెల్‌లో నేసిన ముతక గుడ్డలో కొంత మళ్ళీ ఆ తోటలకే వెళ్ళి బానిసల ఒంటి మీద బట్ట అయింది. లోవెల్ గుడ్డ అనే పేరు వాళ్ళ జ్ఞాపకాల్లో ఉంది. మ్యూజియం ఈ సంగతి దాచలేదు. దాచని మ్యూజియమంటే నాకు గౌరవం.

అక్టోబరు చివర్లో చలి మొదలైంది. ఊరి గ్రంథాలయంలో వారానికోసారి కొందరు ఆడవాళ్ళు చేరి ఊలు పని చేసుకుంటారని మా మేనకోడలు చెప్పింది. "నీకు లేసు అల్లడం వచ్చు కదత్తా, వెళ్ళి కూర్చో" అంది. అక్కడ పరిచయమైన ఆవిడకు ఎనభై దాటాయి. వాళ్ళ ముత్తవ్వ ఐర్లండ్‌లో డోనెగాల్ నుంచి వచ్చి, లోవెల్ మిల్లులో దారం వడికే గదిలో పనిచేసిందట. నేను లోవెల్ తిరుగుతున్నానని విని, "కాలువలు చూశారు సరే, మేజోళ్ళు అల్లడం నేర్చుకోండి, మా వాళ్ళ గురించి తెలుస్తుంది" అంది. మర్నాటి నుంచి వాళ్ళింటికే రమ్మంది.

మేజోడు అల్లడానికి నాలుగు సూదులు కావాలి, రెండు వైపులా మొనలున్నవి. 64 కుట్లు ఎక్కించి మూడు సూదులకు పంచుతారు. నాలుగోది పనిచేసే సూది. రెండు కుట్లు ప్లెయిన్‌గా, రెండు తిరగేసి (పర్ల్) వేస్తూ చుట్టూ తిరిగితే పట్టీ వస్తుంది. అది సాగి మళ్ళీ ముడుచుకుంటుంది కాబట్టి పిక్కను పట్టుకుని ఉంటుంది. నేతలో పడుగూ పేకా రెండు దారాలు ఒకదాన్నొకటి అడ్డంగా బిగిస్తాయి. అల్లికలో ఉన్నది ఒకటే దారం, ఒక కన్నులోంచి ఇంకో కన్ను లాగుతూ పోయేది. అందుకే నేసిన గుడ్డ సాగదు, అల్లిన గుడ్డ కాలి వంపును అనుసరిస్తుంది. పాదానికి మిల్లు గుడ్డ పనికిరాకపోవడానికి కారణం ఇదే. లోవెల్ మిల్లులు మైళ్ళకొద్దీ గుడ్డ నేస్తున్నా, ఆ మిల్లుకు మంచులో నడిచి వెళ్ళే పిల్ల కాళ్ళకు కావలసిందాన్ని ఇంట్లో ఎవరో ఒకరు అల్లాల్సిందే.

చీలమండ దాకా గొట్టంలా అల్లుకుపోవచ్చు. చేతికి అలవాటైతే కళ్ళు మూసుకుని వేయొచ్చు. మడమ దగ్గర అలా కుదరదు. కాలు అక్కడ నిలువు నుంచి అడ్డానికి తిరుగుతుంది. 64 కుట్లలో సగం, 32 కుట్లు, ఒక్క సూది మీదికి తీసుకుని ముందుకీ వెనక్కీ వరసలు వేస్తూ ఒక చిన్న పలకలా అల్లాలి. ఒక కుట్టు వేసి, పక్కది వేయకుండా జార్చి, మళ్ళీ ఒకటి వేస్తే ఆ పలక రెట్టింపు మందంగా వస్తుంది. చెప్పు రాసుకునేది అక్కడే కాబట్టి ఆ మందం కావాలి. తర్వాత అసలు పని. వరస చివరిదాకా వెళ్ళకుండా మధ్యలోనే ఆగి, రెండు కుట్లు కలిపేసి, వెనక్కి తిరగాలి. మళ్ళీ కొంచెం ఎక్కువ దూరం వెళ్ళి, ఆగి, కలిపి, తిరగాలి. 32 కుట్లు 18 అయ్యేసరికి చదునుగా ఉన్న పలక మన కళ్ళముందే దోసిలిలా లోతు తిరుగుతుంది. కత్తెర లేదు, అతుకు లేదు. ఎక్కడ ఆగి వెనక్కి తిరగాలో తెలియడం ఒక్కటే దాని రహస్యం.

అది మొదటిసారి నా చేతిలో తిరిగినప్పుడు నేను చాలాసేపు ఊరికే చూస్తూ ఉండిపోయాను. చదువూ సంతకం లేని ఆడవాళ్ళు తరతరాలుగా ఈ లెక్కను వేళ్ళలో పెట్టుకుని సముద్రం దాటారు. పక్కల నుంచి కుట్లు ఎత్తుకోవడం, త్రికోణంగా తగ్గించుకుంటూ మళ్ళీ 64కు రావడం, వేళ్ళ దగ్గర సన్నబరచడం, చివరి కుట్లను సూదీదారంతో అతుకు తెలియకుండా కలపడం, ఇవన్నీ ఓపిక ఉంటే వస్తాయి. ఆ చివరి కలయికకు మొదటి ప్రపంచయుద్ధకాలపు బ్రిటిష్ సేనాని కిచెనర్ పేరుంది. సైనికులకు మేజోళ్ళు అల్లమని ఊరూరా ఆడవాళ్ళను పురమాయించిన రోజులవి. ఎవరు కనిపెట్టారో తెలియని ఒక ఇంటిపనికి చివరికి సేనాని పేరు నిలిచింది. ఇది నాకు నచ్చలేదు. ఆవిడ ఆ పేరు వాడదు, "బొటనవేలు మూయడం" అంటుంది.

అడుగు అరిగిపోతే మేజోడు పారేయరు. చీలమండ దగ్గర దారం కోసి, కిందిదంతా విప్పేసి, కుట్లు మళ్ళీ సూదులకెక్కించి కొత్త అడుగు అల్లుతారు. విప్పిన ఊలులో బాగున్నది చిన్నపిల్లల మేజోళ్ళకు పోతుంది. ఆవిడ ముత్తవ్వ ఆదివారం సాయంత్రాలు ఇంటిల్లిపాదికీ అడుగులు వేసేదట. మిల్లులో వారం పని ముగిశాక మిగిలిన ఆ ఒక్క పూటకు విశ్రాంతి అని పేరు.

డోనెగాల్ సంగతి ఆవిడ చెప్పాక నేను కొంత చదివాను. అక్కడ గ్లెంటీస్ చుట్టుపక్కల పంతొమ్మిదో శతాబ్దంలో మేజోళ్ళ అల్లిక పెద్ద వ్యాపారం. ఆడవాళ్ళు మైళ్ళు నడిచి దుకాణదారు దగ్గర ఊలు తెచ్చుకుని, ఇంటి దగ్గర అల్లి, మళ్ళీ మోసుకెళ్ళి అప్పగించేవారు. నడుస్తూ కూడా అల్లేవారు. వీపు మీద పీట్ గడ్డల బుట్ట, చేతుల్లో సూదులు. కూలి చాలాచోట్ల డబ్బుగా కాక టీ, పంచదార రూపంలో దుకాణం లెక్కలో చెల్లిపోయేది. గ్లెంటీస్‌లోనే పుట్టిన రచయిత పాట్రిక్ మగిల్ 1915లో రాసిన 'ద ర్యాట్ పిట్' నవల ఊలు కోసం చలిలో నడిచే ఒక పిల్లతోనే మొదలవుతుంది. ఐరిష్ దుకాణాల్లో పర్యాటకులకు అమ్మే ఆరన్ స్వెట్టర్ల చుట్టూ బోలెడు పాతకథలు అల్లారు గానీ, అవి ఇరవయ్యో శతాబ్దంలో వచ్చినవి. దారిపొడవునా కుటుంబాలను నిలబెట్టింది ఏ డిజైనూ లేని ఈ బూడిదరంగు మేజోడు.

కరువు రోజుల్లో ఐర్లండ్‌లో ఇంకో చేతిపని కూడా అన్నం పెట్టింది. కార్క్ దగ్గర ఉర్సులైన్ కాన్వెంటు సన్యాసినులు క్రోషె లేసు నేర్పారు. ఆ లేసు అమ్మిన డబ్బుతో అమెరికా ఓడ టికెట్టు కొన్న కుటుంబాలున్నాయి. ఆ మాట విన్నప్పుడు నేను మా ఊళ్ళ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో వందేళ్ళకు పైగా ఆడవాళ్ళు క్రోషె లేసు అల్లుతున్నారు. గోదావరి ఒడ్డున పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య అది. మా పెద్దమ్మ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని అరుగు మీద కూర్చుంటే దీపాలవేళ దాకా సూది ఆడుతూనే ఉండేది. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లింది అతనే పట్టుకెళ్ళేవాడు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ పల్లెల్లో ఉండి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం రాసింది. గంటలకొద్దీ పనిచేస్తూ విదేశాలకు సరుకు పంపుతున్న ఆ ఆడవాళ్ళను ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణులుగా, వాళ్ళ పనిని తీరికవేళ కాలక్షేపంగా లెక్కకట్టడం వల్లే ఆ వ్యాపారం అంత లాభసాటి అయిందని ఆమె చూపించింది.

ఇదంతా విని ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీ పెద్దమ్మకు ఎంత ఇచ్చేవారు?" అని. లేసు ఎంత అందంగా ఉంటుందని ఆవిడ అడగలేదు. అమెరికాలో నేను కలిసినవాళ్ళందరిలో మా ఊరి గురించి సరైన ప్రశ్న వేసింది ఆవిడే. నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో ఎవరూ పెద్దమ్మను ఆ మాట అడగలేదు.

1877లో లోవెల్‌లోనే షా స్టాకింగ్ కంపెనీ అతుకు లేని మేజోళ్ళు యంత్రం మీద అల్లడం మొదలుపెట్టింది. షానిట్ అనే పేరుతో అవి దేశమంతా అమ్ముడుపోయాయి. అంటే మిల్లు చివరికి మడమ తిప్పడం కూడా నేర్చుకుంది. అయినా ఆక్ర్ ఇళ్ళలో సూదులు ఆగలేదు. ఎందుకంటే కొన్న మేజోడుకు డబ్బు పెట్టాలి, తల్లి అల్లిన మేజోడుకు ఊలు ఖర్చే లెక్కలోకి వస్తుంది. ఆమె గంటలు ఎవరి పుస్తకంలోనూ ఎక్కవు. ఇదే నేను లోవెల్‌లో తెలుసుకున్నది. డబ్లిన్ కష్టపడి చదివిన కూలి పుస్తకాల్లో మిల్లు గేటు దాటి లోపలికి వచ్చిన ప్రతి పిల్ల పేరూ ఉంది. ఆ పిల్లను మర్నాడు గేటు దాకా నడిపించిన మేజోళ్ళు, గంజి, ఉతికిన గౌను ఎవరి చేతుల మీదుగా వచ్చాయో ఆ పేరు లేదు. కాలువలు తవ్వినవాళ్ళను ఊరు పటంలో చేర్చుకోలేదు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళను లెక్కల్లోనే చేర్చుకోలేదు. పారిశ్రామిక విప్లవాన్ని నీళ్ళు నడిపించాయని మ్యూజియంలో రాసుకున్నారు, మంచిదే. ఆ నీళ్ళతో పాటు జీతంలేని అల్లిక కూడా నడిపించిందని పక్కనే రాయాలి.

అలా రాసే మనసు లోవెల్‌కు ఉందనే నా నమ్మకం. పడిపోతున్న మిల్లులను పడగొట్టకుండా, 1978లో ఊళ్ళో జాతీయ చారిత్రక పార్కు ఏర్పాటు చేయించిన పట్టుదల ఆ ఊరివాళ్ళది. ఆ ఆలోచన ముందుగా చెప్పి పోరాడిన పాట్రిక్ మోగన్ ఒక బడి మాస్టారు. పేదపిల్లలు తమ అమ్మానాన్నల పనిని చూసి సిగ్గుపడకూడదన్నది ఆయన పట్టు. ఇప్పుడు ఆ బళ్ళలో కంబోడియా పిల్లలున్నారు, లోవెల్ విశ్వవిద్యాలయంలో మన తెలుగు పిల్లలున్నారు.

మసాచుసెట్స్‌లో ఉంటున్న మనవాళ్ళకు ఒక మాట. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే హార్వర్డ్, నయాగరా, ఆష్‌లాండ్ గుడి చూపించి పంపేస్తుంటారు. ఒక పూట లోవెల్ కూడా తీసుకెళ్ళండి. వేసవైతే పడవ ఎక్కించండి, మగ్గాల గది చూపించండి. అక్కడితో ఆగకుండా ఆక్ర్ దాకా నడిచి సెయింట్ పాట్రిక్ చర్చి ముందు కాసేపు కూర్చోండి. అమ్మ చేతిలో అల్లిక గానీ కుట్టు గానీ ఉంటే, జతకు ఎంత ఇచ్చేవారో, ఎవరు తీసుకెళ్ళేవారో, ఆ డబ్బు దేనికి ఖర్చయిందో అడగండి. చెప్పింది తేదీలతో, రేట్లతో సహా రాసి పెట్టుకోండి.